మీ క్రియాటినిన్ రిపోర్టులో ఒక భీమవరం కుర్రాడు

రాత పరీక్ష అయింది. పరుగు అయింది, సర్టిఫికెట్ల పరిశీలన అయింది. ఇక మిగిలింది మెడికల్. సికింద్రాబాద్‌లో రూమ్ తీసుకుని రైల్వే ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నవాళ్లకు ఆ మాట వింటేనే లోపల ఒక బెంగ. లాలాగూడ రైల్వే ఆస్పత్రి పేరు చెబితే సీనియర్లు కళ్లజోడు నంబరు నుంచి కథలు మొదలుపెడతారు. ప్రైవేటు కంపెనీల్లో చేరేవాళ్లకూ ఇది తప్పదు. హెచ్‌ఆర్ వాళ్లు ఒక ల్యాబ్ పేరు మెయిల్ చేస్తారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వెళ్లాలి. ఒక చేతికి సూది గుచ్చి, రెండో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పెడతారు. సాయంత్రానికి ఫోన్‌కి పీడీఎఫ్ వస్తుంది.

అందులో సీరమ్ క్రియాటినిన్ అని ఒక లైను ఉంటుంది. ఎదురుగా 0.9 అనో 1.1 అనో ఒక అంకె. రెడ్ మార్కు లేదు కదా అని మీరు కిందికి స్క్రోల్ చేసేస్తారు. ఈసారి ఆ లైను దగ్గర కాస్త ఆగండి. మీ కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె అది. ఆ క్రియాటినిన్ మన కండల్లో ఏ పదార్థం నుంచి పుడుతుందో, ఆ పదార్థాన్ని గుర్తించిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవని మనిషి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

మన ఊళ్లో సైన్స్ చరిత్ర అంటే అందరూ రోనాల్డ్ రాస్ పేరే చెబుతారు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన బ్రిటిష్ డాక్టర్ ఆయన. పని చేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆ రోజుకి సుబ్బారావు వయసు రెండేళ్లు దాటింది, అంతే. ఆయన పుట్టింది 1895 జనవరి 12న, భీమవరంలో.

అరటిపళ్ల స్టార్టప్

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందే ఉద్యోగం మానేశారు. ఇంటినిండా పిల్లలు. తల్లి వెంకమ్మ ఎలా నెట్టుకొచ్చారో ఊహించుకోవచ్చు. పదమూడేళ్ల వయసులో ఈ కుర్రాడు చదువు వదిలేసి కాశీకి బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించాలన్నది ప్లాను. ఇంట్లోవాళ్లు వెనక్కి తీసుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివాడు, తప్పాడు. మళ్లీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. ఈలోపు తండ్రి పోయారు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె అనుమతి లేనిదే మఠం వాళ్లూ చేర్చుకోమన్నారు. డాక్టరు చదివితే సేవ చేయొచ్చు కదా అన్న ఆలోచన అలా వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో సీటైతే దొరికింది కానీ, డబ్బు? కొంత స్నేహితులు చూశారు. మిగతాది కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చూశారు. తర్వాత ఆయనే పిల్లనిచ్చిన మామగారయ్యారు. 1919లో శేషగిరితో పెళ్లయింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. అది సహాయ నిరాకరణ కాలం. సుబ్బారావు ఖద్దరు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపైందని జీవిత చరిత్రలు చెబుతాయి. పరీక్షలు బాగానే రాసినా పూర్తిస్థాయి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించారు, రాలేదు. మీరు చదివిన బ్రాంచి ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి అయినప్పుడు ఎలా ఉంటుందో ఆయనకీ తెలుసు. అల్లోపతి చదివిన మనిషి మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

అదే రోజుల్లో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు దాదాపు వారం రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటపట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి క్షీణిస్తాడు. సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఆ జబ్బుకి మందు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

పగలు క్లాసు, రాత్రి బెడ్‌పాన్లు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయానికి మాటిచ్చింది. మామగారు కొంత కూడగట్టారు. 1920ల మొదట్లో సుబ్బారావు ఓడెక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ కోర్సు. చేతిలో ఉన్నది ఎన్నాళ్లో రాదు. అక్కడ డాక్టరుగా పనిచేసే దారి లేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రం సీసాలు తీసుకెళ్లి పారబోసి కడిగే పని. ఇవాళ విదేశాల్లో ఎమ్మెస్ చదువుతూ రాత్రిపూట గిన్నెలు కడిగేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదేమో. వందేళ్ల కిందట అదే ఊళ్లో, ఒక డాక్టరు ఆ పని చేశాడు.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. దాని అధిపతి ఆటో ఫోలిన్. మూత్రంలో, రక్తంలో ఏమున్నాయో రంగు చూసి కొలిచే పద్ధతులకు ప్రపంచంలోనే పేరున్న మనిషి. మన క్రియాటినిన్ టెస్టు కూడా ఆయన చలవే. పిక్రిక్ ఆమ్లంతో కలిస్తే క్రియాటినిన్ నారింజ రంగులోకి తిరుగుతుందని 1886లో జాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త చూశారు. దాన్ని కొలతగా మార్చింది 1904లో ఫోలిన్. ఇప్పటి ల్యాబుల్లో మెషీన్లు మారాయి గానీ, చవకైన కిట్లు చాలావాటిలో నేటికీ నడిచేది ఆ నారింజ రంగే.

సుబ్బారావు ఆ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశారు. రాత్రి పారబోసినదాన్నే పగలు పరీక్షనాళికలో పోసి చూడటం అన్నమాట. అందులో ఏముంటుందో, ఎందుకుంటుందో తెలియాలంటే ఒక్కసారి కిడ్నీ లోపలికి వెళ్లాలి. బయాలజీ అంటే భయపడే ఎంపీసీ వాళ్లు పారిపోకండి. ఇది మీ సబ్జెక్టే.

అంతా తీసేసి, కావాల్సింది వెనక్కి

నడుము పైభాగంలో వెన్నుకి అటూ ఇటూ రెండు కిడ్నీలు. ఒక్కొక్కటి మీ పిడికిలంత. గుండె పంపే రక్తంలో అయిదో వంతు వీటికే వెళ్తుంది, నిమిషానికి లీటరుకి పైనే. సైజు చూస్తే ఇంత రక్తం వీటికెందుకు అనిపిస్తుంది. పని అలాంటిది మరి.

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు. నెఫ్రాన్ అంటే ఒక చిన్న వడపోత యూనిట్. దాని మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఉంటుంది, దాని పేరు గ్లోమెరులస్. రక్తం అక్కడికి ఒత్తిడితో వచ్చినప్పుడు నీరు, ఉప్పులు, చక్కెర, యూరియా లాంటి చిన్న అణువులన్నీ జల్లెడలోంచి అవతలికి పడిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఇవతలే ఉంటాయి. ఇలా రోజుకి 180 లీటర్లు వడకడతాయి మీ కిడ్నీలు. రెండు బిందెల నీళ్లు కాదు, పది బిందెలు. కానీ మీరు పోసే మూత్రం లీటరున్నర. మిగతా 178 లీటర్ల పైచిలుకు ఏమైంది?

వెనక్కి వెళ్లిపోయింది. గ్లోమెరులస్ తర్వాత మెలికలు తిరిగిన పొడవాటి గొట్టం ఉంటుంది. ఆ గొట్టం గోడలు కావాల్సినవన్నీ ఏరి మళ్లీ రక్తంలోకి పంపుతాయి. చక్కెర మొత్తం వెనక్కి. ఉప్పు, నీరు చాలా భాగం వెనక్కి. ఫాస్ఫేట్ చాలా వరకు వెనక్కి, ఒంటికి ఎక్కువైనంత మాత్రం బయటికి.

ఇంజినీరింగ్ బుర్రకి ఈ డిజైన్ మొదట వింతగా తోస్తుంది. చెత్తని గుర్తించి తీసేయొచ్చు కదా, అంతా బయటపడేసి మళ్లీ ఏరుకోవడం ఎందుకు? ఆలోచిస్తే దీనిలో తెలివి కనిపిస్తుంది. చెత్తని ఏరాలంటే ప్రతి చెత్త రకానికీ ఒక రూల్ రాయాలి. రేపు మీరు కొత్త మాత్ర వేసుకుంటే దానికి రూల్ ఉండదు. అంతా బయటపడేసి, ఒంటికి కావాల్సిన కొద్దిపాటి లిస్టులో ఉన్నవే వెనక్కి తీసుకుంటే, లిస్టులో లేనిది ఏదైనా సరే బయటికే పోతుంది. ఫైర్‌వాల్ సెట్ చేసినవాళ్లకు ఈ పద్ధతి తెలుసు.

ఏరగా మిగిలిందే మూత్రం. అది పాతిక ముప్ఫై సెంటీమీటర్ల పొడవున్న యురేటర్ గొట్టాల్లోంచి మూత్రాశయానికి చేరుతుంది. తనంతట తను జారిపోదు, గొట్టం గోడలు అలల్లాగా నొక్కుతూ కిందికి తోస్తాయి. అందుకే అక్కడ రాయి అడ్డుపడితే నొప్పి అలలు అలలుగా వస్తుంది. మూత్రాశయంలో రెండు మూడు వందల మిల్లీలీటర్లు నిండేసరికి మెదడుకి కబురు వెళ్తుంది. ఎగ్జామ్ హాల్లో ఆ కబురుని మీరు మ్యూట్ చేసే ఉంటారు.

ఇప్పుడు క్రియాటినిన్. అది జల్లెడలోంచి పడిపోయే చిన్న అణువు. వెనక్కి తీసుకునే లిస్టులో లేదు. అంటే వడకట్టినదంతా బయటికే పోతుంది. ఒంట్లో తయారయ్యేది రోజూ దాదాపు ఒకే మోతాదు. లోపలికి వచ్చేది స్థిరం, బయటికి పోయేది వడపోత వేగాన్ని బట్టి. వడపోత సగానికి పడిపోతే రక్తంలో క్రియాటినిన్ రెట్టింపు దగ్గర స్థిరపడుతుంది. కిడ్నీని తెరిచి చూడక్కర్లేదు, రెండు మిల్లీలీటర్ల రక్తం చాలు.

దీనిలో ఒక మెలిక ఉంది, చాలామంది గమనించనిది. ఈ లెక్క తలకిందుల భిన్నం. మీ క్రియాటినిన్ పోయినేడు 0.8, ఈ ఏడు 1.2 అనుకోండి. రెండూ నార్మల్ రేంజిలోనే ఉన్నాయని పీడీఎఫ్ చెబుతుంది. లెక్క చేస్తే వడపోతలో మూడో వంతు తగ్గినట్టు. అందుకే పాత రిపోర్టులు డిలీట్ చేయకండి. విడి అంకె కన్నా అది పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నదే డాక్టరు చూస్తారు. వయసు, ఆడామగా తేడా కలిపి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ అనే అంకె రిపోర్టుల్లో ఉండటం కూడా ఇందుకే.

రంగు ఆలస్యంగా ఎందుకొచ్చింది?

మళ్లీ హార్వర్డ్‌కి. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో త్వరగా, కచ్చితంగా కొలవడానికి అప్పట్లో మంచి పద్ధతి లేదు. ఫిస్క్, సుబ్బారావు కలిసి ఒకటి తయారుచేశారు. ఫాస్ఫేట్‌కి మాలిబ్డేట్ కలపాలి, ఆ తర్వాత ఇంకో రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఆ పేపర్ బయోకెమిస్ట్రీలో బాగా వాడుకలోకొచ్చిన పద్ధతుల్లో ఒకటైంది. మీ ఫ్రెండ్స్‌లో డీఎంఎల్‌టీ చదివేవాళ్లుంటే అడగండి, ఫిస్క్-సుబ్బారావు మెథడ్ అని ప్రాక్టికల్ రికార్డులో రాసే ఉంటారు. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ఫాస్ఫరస్ బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, ఎముకలు బలహీనపడతాయి, ఒళ్లు దురదపెడుతుంది. డయాలసిస్ రోగుల రిపోర్టుల్లో ఫాస్ఫరస్ లైను తప్పకుండా ఉండేది అందుకే.

మంచి కొలత చేతికొస్తే ఏమవుతుందో చూడండి. ఇదే పద్ధతితో కండరాల రసాన్ని పరీక్షించారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో రావాల్సిన నీలం ఇక్కడ మెల్లగా వస్తోంది. టైం గడిచేకొద్దీ ముదురుతోంది. మనలో చాలామంది ఏం చేస్తాం? సెన్సర్ సరిగ్గా లేదు అనుకుని ఆ రీడింగ్ కొట్టేస్తాం. వాళ్లు కొట్టేయలేదు. ఫాస్ఫేట్ అంతా మొదటి నుంచీ విడిగా లేదు, దేనికో అంటుకుని ఉంది, రసాయనాల్లో పడ్డాక మెల్లగా ఊడి వస్తోంది అని తేల్చారు. అది అంటుకుని ఉన్నది క్రియాటిన్‌కి. ఆ జంట పేరు ఫాస్ఫోక్రియాటిన్. సంవత్సరం 1927. కండరాన్ని కరెంటుతో పనిచేయిస్తే అది తరిగిపోతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరుగుతోంది. అంటే కండకి అది అప్పటికప్పుడు వాడుకునే బ్యాటరీ. అదే ఏడాది ఇంగ్లాండులో ఎగ్లెటన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు, అది ఫలానాదని తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట. కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే ముడుచుకుంటుందన్న సిద్ధాంతానికి పునాదులు కదలడం అక్కడ మొదలైంది. ఆ సిద్ధాంతం నడిపించిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ వచ్చి ఉంది. 1929లో వీళ్లిద్దరే ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో లోమన్ కాస్త ముందు.

ఇక ఈ బ్యాటరీ రోజూ కొద్దికొద్దిగా అరుగుతుంది. కండల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో సుమారు 2 శాతం ప్రతిరోజూ తనంతట తనే విరిగి క్రియాటినిన్ అవుతుంది. ఆ తుక్కుని కిడ్నీలు ఊడ్చిపారేస్తాయి. మీ రిపోర్టులోని 0.9 ఆ ఊడ్పుకి లెక్క.

జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. కండ ఎక్కువుంటే క్రియాటినిన్ కాస్త ఎక్కువే ఉంటుంది. క్రియాటిన్ పౌడర్ వాడుతుంటే ఇంకాస్త పెరగొచ్చు. కిడ్నీ బాగున్నా అంకె భయపెట్టొచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. దీనికి రెండో వైపూ ఉంది. బక్కపల్చగా ఉన్నవాళ్లకు కండ తక్కువ, తుక్కూ తక్కువ. కిడ్నీ కొంత పాడైనా అంకె నార్మల్‌గా కనిపించి మోసం చేయొచ్చు. మెడికల్ ముందురోజు విపరీతంగా పరుగులు తీసినా మూత్రంలో ప్రోటీన్ తాత్కాలికంగా కనిపించే అవకాశం ఉంది. ఆ ఒక్క రోజు ఊరుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్లకు నేను ఇదంతా చెప్పక్కర్లేదు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బుతో అక్కడ తరాలు బాధపడ్డాయి, క్రియాటినిన్ ఎంత అన్నది అక్కడి ఇళ్లలో మామూలు మాట. ఇంజినీరింగ్ పిల్లలు సీజీపీఏ అడిగినట్టు.

పేరు రాని పదేళ్లు

ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అయ్యాక 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. ఇంతటి పని చేసినవారికి ఆ విశ్వవిద్యాలయం పర్మనెంట్ ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. చిన్న పోస్టులోనే ఏళ్లు గడిచాయి. ఫిస్క్‌తో సంబంధం కూడా చెడింది. అదే ల్యాబ్‌లో అప్పుడు పరిశోధక విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఒక విషయం బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ల పని అసూయ వల్ల ఫిస్క్ వెలుగులోకి రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టుకోవాల్సి వచ్చిందని ఆయన అభిప్రాయం. హిచింగ్స్ మామూలు మనిషి కాదు, 1988 నోబెల్ విజేత. ఆయన, గెర్ట్రూడ్ ఎలియన్ తయారుచేసిన అజాథయోప్రిన్ అనే మందుతోనే 1960ల్లో బంధువులు కానివారి కిడ్నీని ఒంట్లో నిలబెట్టగలిగారు.

ఆ మార్పిడి జరిగిన ఆస్పత్రి ఏదో తెలుసా? సుబ్బారావు బెడ్‌పాన్లు కడిగిన పీటర్ బెంట్ బ్రిగమ్. ప్రపంచంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి కూడా అక్కడే, 1954 డిసెంబర్‌లో, కవల సోదరుల మధ్య జోసెఫ్ మర్రీ బృందం చేసింది. కథలో ఇలాంటివి రాస్తే ఎడిటర్ నమ్మరు.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలేశారు. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో చేరారు. అకడమిక్ వాళ్లు అప్పట్లో ఇండస్ట్రీకి వెళ్లడాన్ని చిన్నచూపు చూసేవారు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో తీసుకున్న మంచి నిర్ణయం అదే. రెండేళ్లలో పరిశోధన విభాగం డైరెక్టర్ అయ్యారు. చేతికింద పెద్ద బృందం, డబ్బు, లక్ష్యం. వయసు 45 దాటాక.

తర్వాతి ఎనిమిదేళ్లలో ఆ బృందం చేసిన పని లిస్టు చూస్తే ఊపిరాడదు. స్ప్రూ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు, 1945కల్లా. ఇద్దరు అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు. బోదకాలు మందు హెట్రజాన్, మన ఊళ్లల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర, 1947లో. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టింది 70 ఏళ్లు దాటాక అక్కడ ఉద్యోగంలో చేరిన బెంజమిన్ డగ్గర్. అన్నీ సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని వాట్సాప్ ఫార్వర్డ్‌లు చెబుతుంటాయి, అది నిజం కాదు. ఏ ప్రశ్న వెంట పడాలో చూపించి, బృందాలను నడిపించి, వాళ్ల పేర్లతో పేపర్లు రానిచ్చిన డైరెక్టర్ ఆయన. తన పేరు ముందుకు తోసుకున్న దాఖలాలు పెద్దగా లేవు. అందుకే మన స్కూల్ పుస్తకాల్లో కూడా ఆయన ఎక్కడో మూలన ఉంటారు.

కాగితాల సంగతి ఇంకోటి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ఆ దేశ పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ దేశానికి కావాల్సిన మందుల పరిశోధన నడిపిస్తున్న మనిషికి అక్కడ శాశ్వత నివాస హక్కు లేదు. హెచ్1బీ లాటరీ కోసం ఎదురుచూసే మీ అన్నకో అక్కకో చెప్పండి. ఇండియాకి కూడా ఆయన తిరిగి రాలేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆవిడకు మళ్లీ భర్తను చూసే అవకాశం రాలేదు. ఆయన గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ వాక్యాన్ని చాలామంది దాటేస్తారు. దాటేయకూడదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. ఆ ఏడాదే, ఆయన ఒకప్పుడు పోర్టరుగా చేసిన ఆస్పత్రిలో, హాలండ్ డాక్టర్ కోల్ఫ్ యుద్ధకాలంలో కట్టిన కృత్రిమ కిడ్నీని మెరుగుపరిచి రోగులకు వాడటం మొదలుపెట్టారు. ఇవాళ గాంధీ ఆస్పత్రిలోనో నిమ్స్‌లోనో మీరు చూసే డయాలసిస్ మెషీన్లకు అవి తాతలు. డయాలసిస్ మీదున్నవాళ్లలో చాలామందికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాస్తారు, రక్తంలోంచి అది మెషీన్‌లోకి కొట్టుకుపోతుంది కాబట్టి.

ఇంకో మందు మిగిలింది. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి కావాలి. దాని పోలికతోనే ఉండి దాని పనిని అడ్డుకునే నకిలీ అణువు తయారుచేస్తే క్యాన్సర్ కణాలు ఆగుతాయేమో అన్న ఆలోచనతో, లెడర్లీలో చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. అప్పటిదాకా వారాల్లో చనిపోయే పిల్లల్లో కొందరికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. పిల్లల లుకేమియాకు ఇస్తారు. కీళ్లవాతం, సోరియాసిస్ ఉన్నవాళ్లకు వారానికి ఒక్కసారి చిన్న మోతాదులో ఇస్తారు. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో చేతివేళ్లు వంకర్లు పోయి ఆ పసుపు మాత్ర వేసుకుంటుంటే ఆశ్చర్యం లేదు.

ఆ మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల గుండానే. జల్లెడ మందగిస్తే మందు లోపలే పేరుకుని నోట్లో పుళ్లు, రక్తకణాలు తగ్గడం లాంటి ప్రమాదాలు తెస్తుంది. అందుకే చీటీ రాసే ముందు, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ డాక్టరు ఒక రక్తపరీక్ష చేయించుకు రమ్మంటారు. అందులో సీరమ్ క్రియాటినిన్ ఎంతుందో చూశాకే మోతాదు ఖాయం చేస్తారు.